బావిలో ఈత నేర్చినోళ్లు మునిగిన ఓడ దాకా ఎలా వెళ్లాలి

మాది అనంతపురం. వాన పడిందంటే బంధువులకు ఫోన్ చేసి మరీ చెప్పుకునే జిల్లా. సముద్రం చూడాలంటే ఏ దిక్కుకు పోయినా ఒక రాత్రి ప్రయాణం ఖాయం. అలాంటి చోటి నుంచి పోయి, సముద్రం అడుగున కూర్చున్న ఓడ చుట్టూ తిరిగొచ్చానంటే మా వీధిలో సగం మంది ఇప్పటికీ నమ్మరు, మిగతా సగం "ఎంతయింది ప్పా ఖర్చు?" అని మాత్రం అడుగుతారు. ఈ మధ్య కడప నుంచి ఇద్దరు, కర్నూలు నుంచి ఒకన్న ఫోన్ చేసి వివరాలు అడిగేసరికి, చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇట్లా ఒకచోట రాసేస్తున్నా. తొందరగా ఉంటే పైపైన చదవండి గానీ తలుపు గురించి రాసిన చోట మాత్రం ఆగి చదవండి.

అసలు ఆ ఓడ అక్కడ ఎందుకుంది

మునిగిన ఓడలు రెండు రకాలు. యుద్ధంలోనో ప్రమాదంలోనో మునిగినవి ఒక రకం, పనిగట్టుకుని ముంచినవి ఇంకో రకం. ఈ రెండో రకం గురించి చెబితే మా అమ్మ "బాగున్న ఓడను ముంచేదేంది, తిక్క గానీ పట్టిందా వాళ్లకు?" అంది. బాగున్నదాన్ని కాదమ్మా, సర్వీసు అయిపోయినదాన్ని. పాత ఇనుము కింద తూకానికి వేసే బదులు, లోపలి ఆయిలు, విషపు రసాయనాలున్న వైర్లు, ఆస్బెస్టాస్ అన్నీ పీకేసి, తలుపులు తీసేసి, డైవర్లు ఇరుక్కోకుండా గోడలకు పెద్ద పెద్ద కంతలు కోసి, ఎంచుకున్న చోటికి లాక్కెళ్లి అడుగుభాగాన్ని పేల్చి ముంచుతారు.

ఇసుక నేల మీద ఏదీ పట్టు దొరికించుకుని పెరగలేదు. నల్లరేగడి చేలో ఒంటరిగా ఒక వేపచెట్టు ఉంటే చుట్టుపక్కల పిట్టలన్నీ దాని మీదే వాలతాయి కదా, ఇదీ అదే లెక్క. ఇనుము మీద ముందు నాచు పడుతుంది, తర్వాత గుల్లలు, ఆల్చిప్పలు, స్పాంజీలు, పగడాలు పడతాయి, వాటి సందుల్లో దాక్కోడానికి చిన్న చేపలు వస్తాయి, చిన్నవాటి కోసం పెద్దవి వస్తాయి. కొన్నేళ్లకు ఓడ ఆకారం మిగులుతుంది గానీ ఓడకు వేసిన రంగు ఎక్కడా కనపడదు. దీన్నే కృత్రిమ రీఫ్, అంటే మనిషి చేసిన పగడపు దిబ్బ, అంటారు. అట్లని ఏది పడితే అది సముద్రంలో వేస్తే రీఫ్ అయిపోదు. 1970ల్లో ఫ్లోరిడా తీరంలో చేపల కోసమని దాదాపు 20 లక్షల పాత టైర్లు కట్టలు కట్టి వేశారు. కట్లు తెగి, టైర్లు దొర్లి, పక్కనున్న నిజమైన పగడాలనే పాడు చేశాయి. వాటిని ఏరడానికి తర్వాత మిలిటరీ డైవర్లు దిగాల్సి వచ్చింది.

ఓడ అయితే కదలదు అనుకోకండి. అదే ఫ్లోరిడాలో కీ లార్గో దగ్గర 2002లో స్పీగల్ గ్రోవ్ అనే నేవీ ఓడను ముంచబోతే, అనుకున్న టైం కన్నా ముందే బోర్లా పడి ముక్కు నీళ్లపైకి తేలింది. నానా తంటాలు పడి పక్కకు ఒరిగేలా పడుకోబెట్టారు. మూడేళ్లకు, 2005లో, డెన్నిస్ తుఫాను వచ్చి దాన్ని నిటారుగా నిలబెట్టిపోయింది! కేమన్ దీవుల్లో 2011లో ముంచిన కిట్టివేక్ సంగతి దీనికి తలకిందులు, నిలువుగా ఉన్నదాన్ని 2017లో తుఫాను పక్కకు పడేసింది. ఈ కథలు ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఇంట్లో కూర్చుని చూసిన పాత వీడియోలో ఓడ ఎట్లుందో, మీరు దిగేనాటికి అట్లే ఉంటుందని లేదు. దిగే రోజు పొద్దున గైడ్ చెప్పేదే లెక్క.

ఇంకొక మాట. "వైజాగ్‌లో సబ్‌మెరైన్ ఉంది కదా, అక్కడికే పోవచ్చు కదా" అని నన్ను కనీసం నలుగురు అడిగారు. ఐఎన్ఎస్ కుర్సురా బీచ్ రోడ్డు మీద, పొడి నేల మీద ఉంది స్వామీ. టికెట్ తీసుకుని చెప్పులతోనే పోవచ్చు. మన దేశంలో రీఫ్ కోసమని చేస్తున్న పనిలో చెప్పుకోదగ్గది మహారాష్ట్రది. సైనికులను, వాహనాలను ఒడ్డుకు దించే ఐఎన్ఎస్ గుల్దార్‌ను నేవీ 2024లో సర్వీసు నుంచి తీసేసి, సింధుదుర్గ్ తీరంలో నీటి అడుగు మ్యూజియం, రీఫ్ చేయడానికి 2025లో అప్పగించింది. అక్కడికి పోవాలనుకుంటే టికెట్లు కొనేముందు డైవ్‌లు నడుస్తున్నాయో లేదో అడగండి.

మొదటి పని: బావి నేర్పింది మరిచిపోవడం

మన దిక్కు ఈత అంటే బావే. మా తాత నడుముకు బెండ్లు కట్టి, మెట్ల మీద నుంచి ఒక్క తోపు తోశాడు. రెండో ఎండాకాలానికి బెండ్లు పోయాయి, మూడో ఎండాకాలానికి అడుగున వేసిన రూపాయి బిళ్ల తెచ్చే పందేలు మొదలయ్యాయి. ఎవడు ఎక్కువసేపు ఊపిరి బిగబడితే వాడే మొగోడు.

స్కూబా అంటే వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని, దాన్నుంచి పీలుస్తూ నీళ్లలోకి దిగడం. అందులో మొదటి సూత్రం దీనికి పూర్తిగా రివర్స్. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. ఎప్పుడూ అంటే ఎప్పుడూ. బావిలో మీరు పైన పీల్చిన గాలితో దిగుతారు, అది కిందికి పోయేకొద్దీ ముడుచుకుని, పైకొస్తే మళ్లీ మామూలుగా అవుతుంది, ఏమీ కాదు. స్కూబాలో మీరు కింద, ఒత్తిడి ఉన్న చోట గాలి పీలుస్తున్నారు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చి, నోరు మూసుకుని పైకొచ్చారనుకోండి, ఆ గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది. సైకిల్ ట్యూబుకు గాలి ఎక్కువైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కొద్ది మీటర్ల తేడాకే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కాబట్టి భయమేసినా, మాస్కులోకి నీళ్లొచ్చినా, పక్కనోడు కాలితో తన్నినా, ఊపిరి నడుస్తూనే ఉండాలి. కోర్సులో ఇది వందసార్లు చెప్తారు. బావి ఈతగాళ్లం మనం మాత్రం నూటొక్కసారి వినాలి, ఎందుకంటే టెన్షన్ వచ్చినప్పుడు ఒళ్లు పాత అలవాటుకే పోతుంది. నాకు మొదటి రోజు స్విమ్మింగ్ పూల్‌లోనే మూడుసార్లు పోయింది.

ఇక కోర్సులో పెట్టే ఈత పరీక్ష పెద్ద కష్టం కాదు. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, టైం లెక్క లేదు, ఏ ఈత అయినా సరే. తర్వాత దేన్నీ పట్టుకోకుండా 10 నిమిషాలు తేలుతూ ఉండాలి. మన బావి అడ్డంగా పది మీటర్లు ఉందనుకుంటే ఇరవై సార్లు అటూ ఇటూ. గట్టు రాయి పట్టుకుని ఆయాసం తీర్చుకునే అలవాటు మనకుంది చూడండి, అదే అక్కడ పనికిరాదు. ఒక నెల ముందు నుంచి పూల్‌కు పోయి వెల్లకిలా తేలడం నేర్చుకోండి.

రెండో పని: చెవులు, ముక్కు, డాక్టర్

కోర్సులో చేరేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, బీపీ మందులు, గర్భం, ఇట్లా చాలా ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి "అవును" అన్నా డాక్టర్ సంతకం అడగవచ్చు. ఆ సంతకం తప్పించుకోడానికి అన్నిటికీ "లేదు" అని రాసే తెలివి మనవాళ్లకు బాగా ఉంది, ఇక్కడ వద్దు. ఇంటి దగ్గరే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించి, చెవిలో గుబిలి గట్టిగా పట్టి ఉంటే తీయించుకుని, ఆ కాగితం పట్టుకుపోండి.

చెవుల సంగతి: తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి కదా, గుటక వేస్తే టప్‌మని తెరుచుకుంటాయి. నీళ్లలో రెండు మీటర్లు దిగేసరికే అది మొదలవుతుంది. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోంచి ఊదాలి. నొప్పి పుట్టాక ఊదడం కాదు, పుట్టకముందే, మీటరుకొకసారి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే చెవి పర్ద పోతుంది. జలుబు ఉంటే అసలు దిగొద్దు. డబ్బులు కట్టేశాను కదా అని నేను ఒకసారి ముక్కు దిబ్బడతో దిగాను, కనుబొమ్మల మధ్య సూది గుచ్చినట్టు నొప్పి, పైకొచ్చి మాస్కు తీస్తే మాస్కులో రక్తం. మిగిలిన రెండు రోజులు గదిలో పడుకుని ఫ్యాన్ చూసుకుంటూ గడిపాను.

మూడో పని: కోర్సు ఎక్కడ, ఎంతవరకు

బీచ్‌ల దగ్గర "స్కూబా, స్కూబా" అని పిలిచి, ఒక మనిషి వెనక నుంచి మిమ్మల్ని పట్టుకుని పది నిమిషాలు తిప్పి, రెండు ఫొటోలు తీసి పంపేది కోర్సు కాదు. తప్పని అనను, నచ్చుతుందో లేదో తెలుసుకోడానికి పనికొస్తుంది. అది గరిష్ఠంగా 12 మీటర్ల లోపే. ఓడ దగ్గరికి పోవాలంటే సర్టిఫికెట్ కావాలి. ఓపెన్ వాటర్ అనేది మొదటి మెట్టు, దాంతో 18 మీటర్ల దాకా. అడ్వాన్స్‌డ్ రెండో మెట్టు, 30 మీటర్ల దాకా. రెక్ స్పెషాలిటీ అని మునిగిన ఓడల కోసమే ఇంకొకటి ఉంటుంది. మొదటిది మూడు నాలుగు రోజులు, రెండోది రెండు రోజులు పడుతుంది. మొదటిదానికే మన దేశంలో పాతిక ముప్పై వేలు అవుతుంది, ప్రయాణం, తిండి వేరే.

మనకు దగ్గర్లో గోవా ఉంది. నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగా వాస్కోకు అమరావతి ఎక్స్‌ప్రెస్ పోతుంది, కర్నూలు, అనంతపురం వాళ్లు డోన్‌లోనో గుంతకల్లులోనో ఎక్కితే సరి. గోవాలో గ్రాండే ఐలాండ్ దగ్గర తక్కువ లోతులో సూజీస్ రెక్ అనే పాత ఓడ ముక్కలు ఉన్నాయి. అద్భుతం అనుకుని పోకండి, నీళ్లు చాలా రోజులు పల్చటి మజ్జిగలా ఉంటాయి. కానీ మొదటి ఓడగా మంచిది, లోతు భయం లేకుండా ఇనుము పక్కన తేలడం అలవాటవుతుంది. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలో ఓడ లేదు గానీ నీళ్లు తేటగా ఉంటాయి. కడప వాళ్లకు చెన్నై దగ్గర కాబట్టి పుదుచ్చేరి గానీ, విమానంలో అండమాన్ గానీ కుదురుతుంది. గోవా, మురుడేశ్వర్ వానాకాలంలో మూసేస్తారు. అండమాన్‌కు డిసెంబర్ నుంచి ఏప్రిల్ మంచిది.

డైవ్ షాపును ఎంచుకోడానికి నా పద్ధతి ఒకటే. "ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది స్టూడెంట్లు, పడవలో ఆక్సిజన్ ఉందా" అని రెండు ప్రశ్నలు అడుగుతాను. విసుక్కోకుండా చెప్పినవాళ్ల దగ్గర చేరుతాను.

నాలుగో పని: కదలకుండా ఉండటం, గాలి లెక్క

కోర్సు అయిపోగానే ఓడ మీదికి దూకొద్దు. ఇంకో పది పదిహేను డైవ్‌లు మామూలు చోట్ల చేయండి. ఆ డైవ్‌లలో నేర్చుకోవాల్సింది ఒకటే, నీళ్లలో పైకీ కిందికీ పోకుండా బొంగరం నిద్రపోయినట్టు ఒకచోట నిలబడటం. ఓడ మీదంతా కత్తుల్లాంటి గుల్లలు, తుప్పు పట్టిన అంచులు, ఎవరో వదిలేసిన వలలు, గాలపు దారాలు. రాయిలాగే కనపడే ముళ్ల చేపలు అక్కడే పడుకుని ఉంటాయి, చెయ్యి వేశామా, జన్మలో మరిచిపోలేని నొప్పి. కాబట్టి దేన్నీ ముట్టుకోకుండా, మోకాళ్లు వంచి కప్ప తన్నినట్టు మెల్లగా తన్నుతూ పోవడం రావాలి. సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తే అడుగున మడ్డి లేచి వెనకొచ్చేవాళ్లకు ఏమీ కనపడదు. కూడా ఒక చిన్న కత్తి గానీ దారం కోసే కట్టర్ గానీ, టార్చి ఒకటి పెట్టుకోండి. టార్చి చీకటికి మాత్రమే కాదు. నీళ్లలో కొద్ది మీటర్లకే ఎరుపు రంగు మాయమవుతుంది, లోతులో అన్నీ నీలం బూడిద. టార్చి వేస్తే అప్పటిదాకా బూడిద ముద్దలా ఉన్న స్పాంజీ కుంకుమలా వెలుగుతుంది.

ఇప్పుడు గాలి లెక్క. దీన్ని ఒకసారి కాగితం మీద వేసి చూసుకోండి, నేను వేసుకున్నాకే నాకు బుద్ధొచ్చింది. మామూలు సిలిండర్ 11 లీటర్లు, 200 బార్ ఒత్తిడితో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) నింపుతారు, అంటే 2,200 లీటర్ల గాలి. మీరు నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుంటే ఒడ్డున కూర్చుని 110 నిమిషాలు పీల్చొచ్చు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగింతలు, కాబట్టి అదే ఊపిరికి నిమిషానికి 80 లీటర్లు పోతాయి. పైకొచ్చేసరికి 50 బార్ మిగిలి ఉండాలనేది రివాజు, అది 550 లీటర్లు. మిగిలింది 1,650. భాగిస్తే సుమారు 20 నిమిషాలు. దిగడానికి, ఎక్కడానికి అయ్యేది కూడా అందులోనే. పైగా 30 మీటర్ల దగ్గర, ఒంట్లో నైట్రోజన్ ఎక్కువై, పైకొచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన అవసరం రాకుండా ఉండగలిగే సమయం కూడా పాడి (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ పట్టిక ప్రకారం 20 నిమిషాలే, 18 మీటర్ల దగ్గరైతే 56. కొత్తలో మనం 20 లీటర్లు కాదు, భయానికి ముప్పై కూడా పీల్చేస్తాం. నా మొదటి లోతు డైవ్‌లో పన్నెండో నిమిషానికే, గాలి అయిపోవస్తోందని గైడ్‌కు గేజ్ చూపించాల్సొచ్చింది, సిగ్గేసింది. సిగ్గుపడి చూపించకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఐదో పని: మొదటి పెద్ద ఓడ ఏది

ఒరిస్కనీ గురించి అందరూ చెప్తారు. 2006 మేలో పెన్సకోలా దగ్గర అమెరికా ముంచిన విమాన వాహక నౌక. దాని డెక్కే దాదాపు 44 మీటర్ల లోతులో ఉంది, కాబట్టి ఇప్పుడప్పుడే మనది కాదు. మన డబ్బుకు, మన అనుభవానికి తగ్గవి రెండు చెప్తా.

ఒకటి థాయ్‌లాండ్‌లో కో టావ్ దీవి దగ్గరున్న సట్టకుట్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన, సైన్యాన్ని ఒడ్డుకు దించే రకం ఓడ, తర్వాత థాయ్ నేవీ చేతికొచ్చింది, 2011లో రీఫ్ కోసం ముంచారు. పైభాగం 18 మీటర్ల దగ్గర, అడుగు 30 దగ్గర. ముందూ వెనకా ఫిరంగులు అట్లే ఉన్నాయి. అడ్వాన్స్‌డ్ కోర్సు అక్కడే చేసి ఇదే ఓడ మీద ముగించుకునేవాళ్లు చాలామంది. నవంబర్ ప్రాంతంలో అక్కడ వానలు, పోకండి.

రెండోది బాలిలో తులంబెన్ ఊరి ఒడ్డున ఉన్న లిబర్టీ. ఇది పనిగట్టుకుని ముంచింది కాదు, కానీ రీఫ్‌గా ఇంతకు మించింది నేను చూడలేదు. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడో కొడితే, మునిగిపోకుండా ఒడ్డుకు లాక్కొచ్చి వదిలేశారు. ఇరవై ఏళ్లు బీచ్ మీదే పడి ఉంది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు దాన్ని నీళ్లలోకి నెట్టింది. దీనికి పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచి ముప్పై మీటర్లు ఈదితే ఓడ. 5 మీటర్ల దగ్గర మొదలై 30 దగ్గరికి పోతుంది కాబట్టి ఓపెన్ వాటర్ వాళ్లకు కూడా చూడటానికి బోలెడుంది. ఒడ్డంతా గుండ్రటి నల్ల రాళ్లు, చెప్పుల్లేకుండా అడుగు వేయలేం. ఆ రాళ్ల మీద అక్కడి ఆడవాళ్లు సిలిండర్లు నెత్తిన పెట్టుకుని నడిచిపోతారు, సిలిండర్ కింద చుట్టగుడ్డ, చెయ్యి కూడా పట్టుకోరు. అచ్చం మా పెద్దమ్మ చేదబావి నుంచి రెండు బిందెలతో వచ్చినట్టే. నేను అంత బరువు మోయలేక వెనకాల ఉత్త చేతులతో తడబడుతూ పోతుంటే ఒకామె తిరిగి చూసి నవ్వింది.

తెల్లారుజామున పోతే అక్కడ నుదుటి మీద బొప్పి ఉన్న పెద్ద పెద్ద చిలకచేపలు గుంపుగా కనపడతాయి. రాత్రంతా ఓడ సందుల్లోనే పడుకుంటాయి. నిద్రమొహాలతో మందలా బయటికి వచ్చి, పగడాన్ని కొరికితే ఆ చప్పుడు మీకు నీళ్లలో వినపడుతుంది, మరమరాలు నమిలినట్టు.

ఆరో పని: దిగే రోజు

పొద్దున్నే ఉగ్గాని బజ్జి లాంటిది తినొద్దు. నూనె తిండి, పడవ ఊపు కలిస్తే ఏమవుతుందో పెళ్లి బస్సులు ఎక్కినోళ్లకు తెలుసు. అరటిపండు, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేసుకునే అలవాటుంటే డాక్టర్‌ను అడిగి, ముందు ఇంటి దగ్గర ఒకరోజు వేసుకుని చూడండి, కొన్నిటికి మత్తుగా ఉంటుంది. ముందు రోజు రాత్రి మందు పార్టీ అసలొద్దు.

గైడ్ చెప్పేటప్పుడు వినాల్సినవి: ఓడ ముక్కు ఏ దిక్కు, నీటి వాలు, అంటే ప్రవాహం, ఎటు నుంచి, ఏ తాడు పట్టుకుని దిగాలి, అదే తాడుకు తిరిగి రాకపోతే ఏం చేయాలి. దిగడం తాడు పట్టుకునే. మొదట ఏమీ కనపడదు, నీలం, ఇంకా నీలం. తర్వాత కింద ఒక నల్లటి మచ్చ, అది పెరిగి పెరిగి గోడ అవుతుంది. సంగమేశ్వరం గుడి ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గేకొద్దీ బయటపడటం చూసినవాళ్లకు ఆ అనుభూతి తెలుస్తుంది. ఇక్కడ నీళ్లు తగ్గవు, మనమే పోతాం.

వాలుకు ఎదురుగా మొదలుపెట్టండి, తిరిగొచ్చేటప్పుడు అదే మోసుకొస్తుంది. ముందు లోతైన భాగం చూసి తర్వాత మెల్లగా పైభాగాలకు రండి. 30 మీటర్ల దగ్గర కొందరికి నైట్రోజన్ మత్తు ఎక్కుతుంది, కల్లు దుకాణం పక్కన నిలబడ్డంత హాయిగా ఉంటుంది. నేను గేజ్ మీద అంకె రెండుసార్లు చదివాను, రెండుసార్లూ అర్థం కాలేదు. ఏం చేయక్కర్లేదు, నాలుగైదు మీటర్లు పైకొస్తే దిగిపోతుంది. అది మత్తని గుర్తుపట్టడమే పని.

ఓడను దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూడండి. సట్టకుట్ ఫిరంగి గొట్టాన్ని నేను అయిదు నిమిషాలు చూశాను. గొట్టం అంతా గుల్లల మొటిమలు, వాటి మధ్య వేలి గోరంత గుంటలో ఒక చిన్న చేప తల మాత్రం బయటపెట్టి, నా టార్చి వెలుగు పడగానే లోపలికి పోయి, వెలుగు తిప్పగానే మళ్లీ వచ్చింది. నాతో వచ్చినవాళ్లు అప్పటికి ఓడ రెండు చుట్లు తిరిగేశారు. ఏమీ తీసుకురావద్దు, మేకు కూడా. అందరూ ఒక్కో ముక్క తెస్తే తర్వాతివాళ్లకు ఓడ ఎక్కడుంటుంది.

తలుపు

ఇప్పుడు అసలు సంగతి. ఓడకు తలుపులు తీసేసిన గుమ్మాలుంటాయి. లోపల చీకటి, అవతల ఎక్కడో సన్నటి వెలుగు, చేపలు హాయిగా పోతుంటాయి. "ఒక్కసారి తొంగి చూసొద్దాం" అనిపిస్తుంది. ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది.

బెలూం గుహలకు టూరిస్టులను ఇంకా రానివ్వని రోజుల్లో మా మామ నన్ను తీసుకెళ్లాడు. లోపలికి పోయాక, వంగి నడిచే ఒక సందులో, "చూడు రా" అని టార్చి ఆర్పేశాడు. కళ్ల ముందు చెయ్యి పెట్టుకుంటే చెయ్యి లేదు. ఎటు నుంచి వచ్చామో ఒక్క క్షణంలో మరిచిపోయాను. అక్కడ కనీసం గాలి ఉంది, కూర్చుని అరవొచ్చు. ఓడ లోపల మీ దగ్గరున్నది వీపు మీది సిలిండర్ ఒక్కటే. బయట ఉంటే ఏమైనా పైకి దారుంది, లోపల పైన ఇనుప కప్పు. మీ బుడగలు తగిలి కప్పు మీది తుప్పు పొడి రాలుతుంది, కాలు తగిలి అడుగు మడ్డి లేస్తుంది, వచ్చిన దారి కాస్తా బూడిద గోడ అవుతుంది. ఓడ పక్కకు ఒరిగి ఉంటే ఇంకా తికమక, నేల గోడగా, గోడ కప్పుగా మారి మెట్లు అడ్డంగా ఉంటాయి.

నేను లోపలికి కూడా పోలేదు. గుమ్మం దగ్గర ఫొటో కోసం భుజాల దాకా పెట్టి, వెనక్కి రావడానికి ఒక్క తన్ను తన్నాను. అంతే, మాస్కు ముందు పాలు పోసినట్టయింది. అర నిమిషం కూడా లేదనుకుంటా, గైడ్ వెనక నుంచి నా కాలికి తొడుక్కున్న ఫిన్ పట్టుకుని లాగేదాకా నాకు గుమ్మం ఎటుందో తెలియలేదు. పడవెక్కాక ఆయన కోప్పడలేదు, టీ ఇచ్చి, "రేపు బయట నుంచే" అన్నాడు.

కాబట్టి మొదటి ఓడలు బయట నుంచే చూడండి. ఇటు నుంచి చూస్తే అటు బయట నీళ్లు కనపడేలా, ఇద్దరు పక్కపక్కన పట్టేంత వెడల్పున్న పొట్టి దారులుంటాయి, అవి గైడ్ ముందుంటే, ఆయన పొమ్మంటే పోవచ్చు. అంతకు మించి లోపలికి పోవడానికి రెక్ కోర్సు కావాలి. అందులో దారం చుట్ట పట్టుకుని గుమ్మం బయట కట్టి, లోపలికి వదులుకుంటూ పోవడం, కళ్లు మూసుకుని ఆ దారం పట్టుకుని బయటికి రావడం నేర్పుతారు. గాలిని మూడు భాగాలు చేస్తారు, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ముట్టుకోకుండా. ఆ కోర్సు చేసినా హద్దు ఉంది. బయటి వెలుగు కనపడే మేరే పోవాలి, నీటిపై నుంచి లోతు, లోపలికి పోయే దూరం రెండూ కలిపి 40 మీటర్లు దాటకూడదు. అంటే 30 మీటర్ల లోతులో ఉంటే లోపలికి మీకున్నది 10 మీటర్లే, వసారా నుంచి వంటింటి దాకా. అంతకు మించి పోయేవాళ్లది వేరే విద్య, రెండు మూడు సిలిండర్లు, ఏళ్ల సాధన. "ఏం కాదు, నేనున్నా కదా" అని కోర్సు లేని మిమ్మల్ని లోపలికి పిలిచే గైడ్ దొరికితే చెయ్యి అడ్డంగా ఊపి బయటే ఉండండి. మన దిక్కు మాట కాదనలేక పోయే జబ్బు ఒకటుంది. కింద మాట ఎట్లాగూ ఉండదు, సైగే కాబట్టి కాదనడం తేలిక.

ఏడో పని: పైకి రావడం, ఇంటికి రావడం

సిలిండర్ సగానికి వచ్చేలోపే తిరుగుముఖం పట్టండి. మెల్లగా ఎక్కాలి, నిమిషానికి 9 మీటర్లు మించకుండా, అంటే మీ చిన్న బుడగల కంటే నెమ్మదిగా. 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని, జాగ్రత్త కోసమని, మూడు నిమిషాలు ఆగాలి. ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, సోడా సీసా ఒక్కసారిగా తెరిస్తే పొంగినట్టు పొంగకూడదు. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, మామూలుగా లేని నీరసం ఉంటే ఎండకని, ప్రయాణమని సర్దుకోకుండా వెంటనే చెప్పండి. ఆక్సిజన్ ఇచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

డైవ్ చేశాక విమానం ఎక్కడానికి ఆగాలని అందరికీ తెలుసు, ఒక్క డైవ్ అయితే 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు. మన రాయలసీమోళ్లు మరిచిపోయేది ఘాట్. గోవా నుంచి మనకు వచ్చే రైలు దూద్‌సాగర్ పక్క నుంచి ఘాట్ ఎక్కి ఆరు వందల మీటర్లకు పైకి పోతుంది, మురుడేశ్వర్ నుంచి బస్సు కూడా అంతే. ఒంటికి ఎత్తు ఎత్తే, రైలైనా విమానమైనా. మధ్యాహ్నం డైవ్ చేసి అదే రాత్రి బండెక్కే ప్లాన్ వేయొద్దు. చివరి రోజు బీచ్‌లో తిరగండి, చేపల పులుసు తినండి, మర్నాడు బయలుదేరండి.

ఇంటికొచ్చాక మాస్కు, ఫిన్లు మంచినీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. మన ఎండకు రబ్బరు రెండు సీజన్లకే పగులుతుంది. లాగ్ బుక్ మాత్రం ఇంటికొచ్చేదాకా ఆపకుండా అదే రోజు రాయండి: లోతు, నిమిషాలు, ఎంత గాలితో దిగారు, ఎంతతో వచ్చారు, ఒంటికి ఎన్ని కిలోల బరువు కట్టారు. నా బుక్‌లో సట్టకుట్ పేజీలో ఇట్లుంది: "28 మీటర్లు. 31 నిమిషాలు. 200తో దిగి 60తో వచ్చా. ఫిరంగిలో చేప. గుమ్మంలో తల పెట్టా, పెట్టకూడదు." తర్వాత ఏ ఓడకు పోయినా, పడవలో కూర్చున్నాక ముందు ఆ పేజీ తిప్పి చూసుకుంటా.